చెన్నై ఎండల్లో ఆఫీసుకు సైకిల్: నాలుగు పద్ధతుల్లో మీకేది?

వేసవి రాగానే చెన్నైలోని తెలుగువాళ్లలో కొందరికి రెండు కోరికలు ఒకేసారి పుడతాయి: పొట్ట తగ్గించాలి, పెట్రోలు ఖర్చు తగ్గించాలి. రెండింటికీ సైకిలే మందని తేల్చుకుని దుకాణాల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. గేర్లు ఎన్ని, టైరు ఎంత మందం, ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ ఎంత దూరం వస్తుంది అని ఆరా తీస్తారు. ఇవన్నీ అవసరమే. అయితే ఈ ఊళ్లో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లడం మూణ్నాళ్ల ముచ్చటగా ముగిసేది సైకిల్ బాగాలేక కాదు. తడిసి ముద్దయిన చొక్కాతో తొమ్మిదిన్నరకు ఏసీ గదిలో కూర్చోలేక. అందుకే సైకిల్ రకం కంటే ముందు, ఆఫీసు గేటు దాటాక మీకు ఏ సదుపాయం ఉందో చూసుకోవాలని నా అభిప్రాయం. మిగతా పోలికంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

## ఎండ కంటే ఉక్కతోనే పేచీ

చెన్నైలో మే నెల పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 37, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. 2003 మే 31న 45 డిగ్రీలు తాకిన సందర్భమూ ఉంది. కానీ మనం ఆఫీసుకు బయలుదేరే వేళకు థర్మామీటరు 30, 31 దగ్గరే ఉంటుంది. కర్నూలు, నంద్యాల వైపు నుంచి వచ్చినవారు "మా ఊళ్లో 42లో తిరిగాం, ఇదెంత?" అంటారు. అక్కడి ఎండ పొడి ఎండ. చెమట పట్టినంతలోనే ఆరుతుంది, ఆరుతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. ఇక్కడ ఉదయం పూట గాలిలో తేమ 70, 80 శాతం ఉండటం మామూలు. చెమట కారుతుంది తప్ప ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, బట్టలను తడుపుతుంది, అంతే.

బెంగళూరు మిత్రుల సలహా కూడా ఇక్కడ అంతగా పనికిరాదు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వేసవి ఉదయాలు చల్లగానే ఉంటాయి, వాళ్ల తంటా అంతా ఎత్తుపల్లాలతో. మనది బల్లపరుపు నేల. ఫ్లైఓవర్లు, వంతెనలు తప్ప ఎక్కాల్సినవి లేవు. కాబట్టి ఇక్కడ గేర్లతో పని తక్కువ, తువ్వాలుతో పని ఎక్కువ.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఆఫీసులో ఏముంది? స్నానాల గది ఉంటే మీ అదృష్టం, ఏ పద్ధతైనా ఎంచుకోవచ్చు. లేకపోతే కనీసం ఒక వాష్‌రూము, బట్టలు ఆరేసుకునేందుకు కొక్కెం, పది నిమిషాలు ఎవరూ పలకరించని చోటు కావాలి. కొన్ని పెద్ద ఐటీ పార్కుల్లో జిమ్ము పక్కన స్నానాల గదులుంటాయి. జిమ్ములో చేరకపోయినా వాడుకోనిస్తారేమో ఒకసారి అడిగి చూడండి. అడగనిదే ఎవరూ చెప్పరు.

ఎన్ని గంటలకు బయలుదేరతారు? మే నెలలో సూర్యోదయం సుమారు 5.45కే. ఆరున్నరకు బయలుదేరినవారికీ ఎనిమిదిన్నరకు బయలుదేరినవారికీ తేడా చాలా పెద్దది. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలే పెరిగినా, నెత్తిన పడే ఎండ, బస్సులు వదిలే వేడి, సిగ్నళ్ల దగ్గర నిలబడే సమయం అన్నీ కలిసి రెట్టింపు బాధ పెడతాయి. సైకిల్ కదులుతున్నంతసేపూ గాలి తగిలి చెమట తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగిన అర నిమిషంలో నుదుటి మీద నుంచి ఒక్కసారిగా కారుతుంది. దారిలో ఎన్ని సిగ్నళ్లున్నాయన్నది ఎన్ని కిలోమీటర్లన్నంత ముఖ్యం.

ఎంత దూరం, ఎంత వేగంతో? తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే చక్రానికి చేరుతుంది. మిగతా ముప్పావు వంతు ఒంట్లో వేడిగా మిగిలిపోతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు అంతకంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి 15కు తగ్గితే కాళ్ల శ్రమ దాదాపు సగానికి పడిపోతుంది. ఆరు కిలోమీటర్ల దారిలో ఇందుకు మీరు వదులుకునేది ఆరు నిమిషాలు మాత్రమే. స్నానాల గది లేనివారికి దీనికి మించిన చిట్కా లేదు. పక్కనుంచి హెల్మెట్ పెట్టుకున్న కుర్రవాడు దూసుకుపోతే పోనివ్వండి, అతనికి ఆఫీసులో షవరు ఉండి ఉంటుంది.

దారి ఏ దిక్కుగా? దీన్ని లెక్కలోకి తీసుకునేవారు తక్కువ. ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు, ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. అడయారు వైపు ఉండి పెరుంగుడి, షోళింగనల్లూరు వైపు వెళ్లేవారు ఉదయం రోడ్డుకు ఎడమ అంచున, అంటే తూర్పు అంచున తొక్కుతారు. ఆ వైపు ఎత్తయిన భవనాలున్న చోటల్లా వాటి నీడ మీ మీదే పడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎడమ అంచు పడమటి వైపు అవుతుంది, అప్పుడు పడమటి భవనాల నీడ. దక్షిణాన ఉంటూ ఉత్తరానికి ఉద్యోగానికి వచ్చేవారికి రెండు పూటలా దీనికి సరిగ్గా వ్యతిరేకం. రోడ్డుకు అవతలి వైపు నీడను చూస్తూ ఎండలో తొక్కాలి. వేళచ్చేరి నుంచి తరమణికి వెళ్లేవారికైతే ఉదయం తూర్పు ముఖం, సాయంత్రం పడమటి ముఖం. రెండు పూటలా సూర్యుడు కళ్లలోనే ఉంటాడు. మీ వెనక వచ్చే కారు డ్రైవరుకూ అదే పరిస్థితి. అందుకే పగటిపూట కూడా వెనక ఎర్ర లైటు వెలిగించి ఉంచడం మంచిది.

గాలి సంగతి కూడా ఒక మాట. వేసవిలో సముద్రపు గాలి సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య మొదలవుతుంది. ముందు తీరాన ఉన్న తిరువాన్మియూర్‌ను పలకరించి, ఆ తర్వాతే లోపల ఉన్న అంబత్తూరుకు చేరుతుంది. సాయంత్రం పడమటికి వెళ్లేవారిని ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. శ్రమ తగ్గుతుంది కానీ ముఖానికి గాలి తగలక ఉక్కపోస్తుంది. ఎదురుగాలి కాళ్లను అలసట పెట్టినా ఒంటికి హాయి. ఏది మేలో మీ మోకాళ్లను అడగండి.

ఇంట్లోనూ ఆఫీసులోనూ సైకిల్ పెట్టే చోటు, మీ బడ్జెట్టు ఎలాగూ ఉన్నవే. వాటిని కింద ఒక్కో పద్ధతితో కలిపి చెబుతాను.

## ఒకటి: మామూలు సైకిల్, ఇంటి నుంచి ఆఫీసు దాకా

ఏడు కిలోమీటర్ల లోపు వారికి నా మొదటి ఓటు దీనికే. కొత్త మామూలు సైకిల్ పది వేల రూపాయల లోపే దొరుకుతుంది, పాతది అందులో సగానికి. అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో పుట్టిన ఊరు ఇది. హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్లకు విడిభాగాలు ఏ మూల దుకాణంలోనైనా దొరుకుతాయి. పంక్చర్ అయితే తోసుకుంటూ పోయే దూరంలోనే ఎవరో ఒకరు ఉంటారు.

దీని లోపం తెలిసిందే, ప్రతి కిలోమీటరూ మీ ఒంటి వేడితోనే నడుస్తుంది. ఐదు కిలోమీటర్లు నిదానంగా వెళితే వీపు తడుస్తుంది, మొహం తుడుచుకుంటే సరిపోతుంది. పది కిలోమీటర్లు దాటితే ఎంత నిదానమైనా బట్టలు మార్చక తప్పదు. పన్నెండు, పదిహేను కిలోమీటర్లు రోజూ రెండు పూటలా అంటే అది అలవాటున్నవారి పని. స్నానాల గది లేకుండా ఆ దూరానికి నేను ఎవరినీ ప్రోత్సహించను.

బ్యాగు వీపుకు తగిలించుకోకండి. వీపు మీద గాలి ఆడే చోటంతా అది మూసేస్తుంది. చొక్కా మీద బ్యాగు ఆకారంలో తడి మరక పడేది అందుకే. వెనక క్యారియర్ మీద రబ్బరు పట్టీతో కట్టండి, లేదా పక్కకు వేలాడే సంచీ తగిలించండి. సైకిల్‌కు క్యారియర్ లేకపోతే ముందు అది వేయించుకోండి. అందమైన సైకిళ్లకు క్యారియర్ ఉండదు, చైన్ గార్డు అసలే ఉండదు. ప్యాంటు అంచుకు చైను నూనె అంటాక ఆ అందం ఎవరికీ గుర్తుండదు.

## రెండు: ఎలక్ట్రిక్ సైకిల్

పెడల్ తొక్కుతుంటే మోటారు సాయపడే రకం ఇది. చాలావాటికి చేతితో తిప్పే థ్రాటిల్ కూడా ఉంటుంది. మోటారు సామర్థ్యం 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపే ఉండేలా తయారైనవాటికి మన నిబంధనల ప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకంటే శక్తిగల మోటారు బిగించి ఇస్తామనే దుకాణాలు ఉంటాయి. అది చట్టం దృష్టిలో మోటారు వాహనం అవుతుంది, ప్రమాదం జరిగిన రోజు మీ పక్షాన కాగితం ఒక్కటీ ఉండదు.

వేసవికి సంబంధించినంతవరకు దీని గొప్పతనం ఒక్కటే: శ్రమ మోటారుది, గాలి మీది. పదీ పన్నెండు కిలోమీటర్ల దూరం కూడా తడి ముద్ద కాకుండా చేరవచ్చు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, సిగ్నల్ పడ్డాక మళ్లీ కదిలేటప్పుడు, అంటే చెమట ఎక్కువగా పట్టే రెండు సందర్భాల్లోనూ అక్కరకు వస్తుంది. అయినా ఎండ ఎండే, ఉక్క ఉక్కే. ఎనిమిదిన్నరకు ఓఎంఆర్ మీద మోటారు ఉన్నా చెమట పడుతుంది. అసలు చెమటే పట్టదని దుకాణంలో చెబితే నవ్వి ఊరుకోండి.

ధర ఎక్కువ. సాధారణ రకాలు పాతిక వేల నుంచి నలభై వేల రూపాయల మధ్య ఉంటాయి. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తే అందులో పెద్ద వంతు మళ్లీ పెట్టాలి. వేడి బ్యాటరీకి శత్రువు. నడి ఎండలో సైకిల్ వదిలేయడం, ఎండలో తొక్కి రాగానే వేడి వేడిగా ఉన్న బ్యాటరీని చార్జింగుకు పెట్టడం దాని ఆయుష్షు తగ్గిస్తాయి. అరగంట నీడలో ఉంచి, చల్లబడ్డాక పెట్టండి. తాళంచెవితో ఊడదీసి చేత్తో పట్టుకెళ్లగలిగే బ్యాటరీ ఉన్నదే కొనండి. బ్యాటరీ సైకిల్‌లోనే ఇమిడిపోయిన రకమైతే పార్కింగ్ దగ్గర ప్లగ్గు ఉండాలి. చాలా అపార్టుమెంట్లలో ఆ ప్లగ్గు కోసం సంఘం కార్యదర్శితో ఒక యుద్ధం చేయాలి.

ఇంకో రెండు సంగతులు. బరువు ఇరవై కిలోలు దాటుతుంది, లిఫ్టు లేని మూడో అంతస్తు హాస్టల్లో ఉండేవారికి ఇది నరకం. వేళచ్చేరి, పళ్లికరణై వైపు నవంబరు, డిసెంబరుల్లో రోడ్ల మీద నీరు నిలుస్తుంది. చక్రం ఇరుసులో ఉండే మోటారును మోకాలి లోతు నీళ్లలో నడిపించడానికి తయారుచేయలేదు. వేసవి కోసం కొన్నది ఈశాన్య రుతుపవనాల్లో ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు.

## మూడు: సైకిల్, రైలు కలిపి

తాంబరం, క్రోంపేట, పెరంబూరు, అంబత్తూరు లాంటి చోట్ల ఉండి పదిహేను, ఇరవై కిలోమీటర్ల దూరం వెళ్లేవారు మొదట ఆలోచించాల్సింది ఇదే. ఇంటి నుంచి స్టేషనుకు రెండు మూడు కిలోమీటర్లు సైకిల్, అక్కడి నుంచి లోకల్ రైలు, ఎంఆర్‌టీఎస్ (చాలావరకు వంతెన మీద నడిచే నగర రైలు) లేదా మెట్రో. ఆటోవాళ్లతో బేరం తప్పుతుంది, చెమట పట్టేంత దూరమూ కాదు. మెట్రో అయితే ఏసీలో పావుగంట కూర్చునేసరికి చొక్కా ఆరిపోతుంది. బీచ్, తాంబరం, చెంగల్పట్టు మార్గంలో 2025 ఏప్రిల్ నుంచి ఏసీ లోకల్ కూడా నడుస్తోంది. అయితే మీ వేళకు దొరుకుతుందో లేదో చూసుకోవాలి.

ఇందులో మళ్లీ రెండు రకాలు. మడత సైకిల్ కొని వెంట తీసుకెళ్లడం ఒకటి. వినడానికి బాగుంటుంది. కానీ మడత సైకిల్ 12 నుంచి 15 కిలోలు తూగుతుంది, ఎంఆర్‌టీఎస్ స్టేషన్లు చాలావరకు ఎత్తున ఉంటాయి. ఎస్కలేటర్ పనిచేయని రోజు ఆ మెట్లు ఎక్కితే రెండు కిలోమీటర్లు తొక్కినప్పుడు పట్టని చెమట అక్కడ పడుతుంది. ఉదయం తాంబరం లోకల్ రద్దీలో దాన్ని నిలబెట్టే చోటూ ఉండదు, పక్కవారి చూపులూ భరించలేం. మడత సైకిల్ రద్దీకి ముందు వెళ్లేవారికి, రద్దీకి ఎదురు దిశలో ప్రయాణించేవారికి మాత్రమే.

నేను సిఫారసు చేసేది రెండో రకం: స్టేషను స్టాండులో వదిలే పాత సైకిల్. ఎంత పాతదైతే అంత మనశ్శాంతి. దిగే స్టేషను నుంచి ఆఫీసు దూరమైతే అక్కడ ఇంకో పాత సైకిల్ పెట్టుకునేవారూ ఉన్నారు. రెండు పాత సైకిళ్లు కలిపినా ఒక మడత సైకిల్ ధర కాదు. దిగాక దూరాన్ని మాత్రం స్టేషను పేరును బట్టి నమ్మవద్దు. టైడల్ పార్కు అనే ఐటీ సముదాయానికి తిరువాన్మియూర్ స్టేషను దగ్గర. పెరుంగుడి స్టేషనులో దిగితే ఓఎంఆర్ మీది పెరుంగుడి ఆఫీసులు ఇంకా రెండు కిలోమీటర్ల పైనే.

## నాలుగు: రోజుకు ఒక పూటే

దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ, వేసవికి చాలామందికి సరిపోయేది ఇదేనేమో. సోమవారం ఉదయం సైకిల్ మీద ఆఫీసుకు వెళతారు, సాయంత్రం సైకిల్ అక్కడే వదిలి బస్సులోనో ఆఫీసు క్యాబులోనో ఇంటికి. మంగళవారం ఉదయం బస్సు, సాయంత్రం సైకిల్ మీద ఇంటికి. బుధవారం మళ్లీ మొదటికి.

లాభం ఏమిటంటే, చెమటతో ఆఫీసు చేరేది రోజు విడిచి రోజే. సాయంత్రం తొక్కిన రోజు తడిసినా ఇంటికే కదా వెళ్లేది, బకెట్ నీళ్లు ఎదురుచూస్తుంటాయి. బస్సులో వెళ్లిన రోజు మర్నాటికి కావాల్సిన బట్టలు, తువ్వాలు తీసుకెళ్లి డ్రాయరులో పెట్టేస్తే, సైకిల్ రోజు సంచీ బరువే ఉండదు. ముఖ్యమైన సమావేశాలను బస్సు రోజుల్లో పెట్టుకోవచ్చు. సాయంత్రం ఆరున్నరకు సూర్యుడు దిగిపోయాక, సముద్రపు గాలి ఇంకా వీస్తుండగా తొక్కడం మే నెలలో కూడా హాయిగానే ఉంటుంది.

కావాల్సింది ఒక్కటే: రాత్రిపూట సైకిల్ ఆఫీసులో భద్రంగా ఉండాలి. కొన్నిచోట్ల సెక్యూరిటీ వారు కార్లకు రెండు అంతస్తుల సెల్లారు చూపించి, సైకిల్‌కు మాత్రం జాగా లేదంటారు. అలాంటప్పుడు మీలాంటి మరో ఇద్దరిని కలుపుకుని పరిపాలన విభాగానికి ఒక మెయిల్ పెట్టండి. ముగ్గురు అడిగితే ఇనుప రాడ్డు ఒకటి బిగించడం వాళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | మామూలు సైకిల్ | ఎలక్ట్రిక్ సైకిల్ | సైకిల్, రైలు | ఒక పూటే |
|---|---|---|---|---|
| తగిన దూరం | 7 కి.మీ. లోపు | 6 నుంచి 14 కి.మీ. | 12 కి.మీ. పైన | 10 కి.మీ. దాకా |
| ఆఫీసు చేరేసరికి చెమట | ఎక్కువ, నిదానిస్తే మధ్యస్థం | తక్కువ నుంచి మధ్యస్థం | తక్కువ | రోజు విడిచి రోజు |
| స్నానాల గది లేకపోతే | 5 కి.మీ. దాకా నెట్టుకురావచ్చు | పర్వాలేదు | అక్కర్లేదు | పర్వాలేదు |
| మొదటి ఖర్చు | తక్కువ | చాలా ఎక్కువ | పాత సైకిలైతే తక్కువ | తక్కువ |
| నెలనెలా ఖర్చు | నామమాత్రం | కరెంటు కొద్దిగా, తర్వాత బ్యాటరీ | పాసు, స్టాండు రుసుము | సగం రోజుల బస్సు చార్జీ |
| వానాకాలంలో | బురదే సమస్య | నీరు నిలిచే దారుల్లో వద్దు | అన్నిటికంటే మేలు | పర్వాలేదు |
| పెద్ద తలనొప్పి | బట్టలు మార్చుకోవడం | బరువు, చార్జింగ్ | రద్దీ, మెట్లు | రాత్రి పార్కింగ్ |

## ఎవరికి ఏది

ఓఎంఆర్ మీద హాస్టల్లో ఉంటూ నాలుగైదు కిలోమీటర్ల దూరంలో పనిచేసే కుర్రవాళ్లకు మామూలు సైకిల్ చాలు. ఆంధ్రా మెస్సులో మూడు పూటలా భోంచేస్తూ కుర్చీలో పది గంటలు కూర్చునేవారికి ఆ నాలుగు కిలోమీటర్లు అవసరం కూడా. మెట్రో పనుల కోసం కంచెలు కట్టి రోడ్డు ఇరుకైన చోట్ల మాత్రం పంతానికి పోవద్దు. సర్వీసు రోడ్డు, లోపలి వీధులు వెతుక్కోండి, ఒక కిలోమీటరు ఎక్కువైనా సరే.

ఉదయాన్నే ఖాతాదారుల ముందు కూర్చోవాల్సిన ఉద్యోగాలు, అంటే బ్యాంకు, సేల్స్ వంటివి చేసేవారికి రైలు పద్ధతి, లేదా ఒక పూట పద్ధతి. ఎలక్ట్రిక్ కూడా ఆలోచించవచ్చు కానీ ఆరు కిలోమీటర్ల లోపు దూరానికి అంత డబ్బు పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

చీర, చుడీదార్ వేసుకునే మహిళలకు పైకడ్డీ లేని ఫ్రేము, పూర్తి చైన్ గార్డు, వెనక చక్రానికి వల తప్పనిసరి. చున్నీ వెనక చక్రంలో పడితే అది చిన్న ప్రమాదం కాదు, ముందే నడుముకు ముడివేసుకోవాలి. ఇంటి నుంచి పాత చుడీదార్‌లో వచ్చి ఆఫీసులో మార్చుకోవడమే సుఖం. తెల్లవారుజామున బయలుదేరితే చల్లగా ఉంటుంది నిజమే, కానీ ఖాళీ వీధుల్లో కుక్కల గుంపులు, వెలుతురు లేని మలుపులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డంగా ఉంచుకుని నడిస్తే చాలాసార్లు అవే ఆగిపోతాయి.

యాభై దగ్గరపడినవారు, బీపీకి మూత్రం ఎక్కువ పోయే రకం మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు మొదట డాక్టరుతో మాట్లాడండి. ఆయన సరేనంటే ఎలక్ట్రిక్ మీకు బాగా పనికొస్తుంది. మోకాళ్లు నొప్పెట్టిన రోజు మోటారుకు అప్పగించవచ్చు. రాత్రి షిఫ్టు ముగించి నిద్రమత్తులో ఉదయం ఇంటికి వచ్చేవారికి మాత్రం నాలుగింట్లో ఏదీ వద్దు. క్యాబులోనే రండి.

## గేటు నుంచి కుర్చీ దాకా

స్నానాల గది లేనివారి కోసం ఇది. సైకిల్ దిగగానే బట్టలు మార్చుకోకండి. తొక్కడం ఆపినా ఒంట్లోని వేడి వెంటనే తగ్గదు, మరో పది నిమిషాలపాటు చెమట పడుతూనే ఉంటుంది. ఆ తొందరలో కొత్త చొక్కా వేసుకుంటే అదీ తడుస్తుంది. నీడలోనో ఫ్యాను కిందనో కూర్చోండి, నీళ్లు తాగండి, ఫోను చూసుకోండి. తర్వాత చిన్న తువ్వాలు తడిపి ముందు ముఖం, మెడ, చంకలు, వీపు తుడుచుకుని, పొడి తువ్వాలుతో మరోసారి తుడవండి. అప్పుడు బట్టలు. చెమటకు వాసన వచ్చేది చర్మం మీది బ్యాక్టీరియా వల్ల. కాబట్టి ఇంట్లో స్నానం చేసి, ఉతికిన బట్టలతో బయలుదేరినవారికి దారిలో పట్టే తాజా చెమట అంత ఇబ్బంది పెట్టదు. నిన్నటి టీషర్టు వేసుకుని వస్తే మాత్రం పక్క కుర్చీవారికి తెలిసిపోతుంది.

ఇస్త్రీ చొక్కాను మడతపెట్టడం కంటే చాపలా చుట్టి సంచీలో పెడితే ముడతలు తక్కువ. తడి బట్టలను సంచీలో కుక్కి సాయంత్రం దాకా ఉంచకండి, కుర్చీ వెనక కనబడకుండా ఆరేయడానికి ఒక హ్యాంగరు తెచ్చిపెట్టుకోండి. తొక్కేటప్పుడు ఐదారు కిలోమీటర్ల లోపైతే పలుచని నూలు బట్టలు చాలు. అంతకు మించితే త్వరగా ఆరే క్రీడా టీషర్టు మేలు, దానికి వాసన పట్టే గుణం ఎక్కువ కనుక ఏ రోజుకారోజు ఉతకాలి.

అరగంట ప్రయాణానికి ఓఆర్‌ఎస్ పొట్లాలు, రంగురంగుల పానీయాలు అక్కర్లేదు. బయలుదేరే ముందు రెండు గ్లాసుల నీళ్లు, చేరాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ సరిపోతాయి. సాయంత్రం దారిలో తాటిముంజలు కనిపిస్తే ఆగండి, అది ఆరోగ్యం కోసం కాదు, కనిపించాక ఆగకపోవడం అన్యాయం కనుక.

## కొనేటప్పుడు

గేర్లు లేనిది, లేదా ఐదారు గేర్లున్నది చాలు. ముందు షాకబ్సార్బర్లున్న సైకిల్ బరువు ఎక్కువ, మన నగర రోడ్లకు కొంచెం వెడల్పాటి టైరే ఆ పని చేస్తుంది. ట్యూబుకు బైకు తరహా వాల్వు ఉంటే పెట్రోలు బంకులో గాలి పట్టించుకోవచ్చు. బంకు గాలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి టైరు పక్కన అచ్చువేసిన అంకె చూసి ఆపండి. అంచుదాకా నింపిన టైరును నడి ఎండలో వదిలితే లోపలి గాలి వ్యాకోచించి పాత ట్యూబు పగలవచ్చు. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ వైపు ఉండేవారి చైనును ఉప్పుగాలి తినేస్తుంది. వారానికోసారి తుడిచి నూనె వేయండి. హెల్మెట్‌కు గాలి రంధ్రాలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. లోపల పలుచని నూలు రుమాలు కట్టుకుంటే చెమట కళ్లలోకి దిగదు.

## సైకిల్ తీయకూడని రోజులు

ఒళ్లు వేడికి అలవాటుపడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టినవారు మే నెలను తట్టుకుంటారు. అగ్ని నక్షత్రం రోజుల్లో, అంటే మే 4 ప్రాంతం నుంచి నెలాఖరు దాకా, కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి వారం సగం దూరమే తొక్కాలి, లేదా సాయంత్రాలకే పరిమితం కావాలి. జ్వరం, విరేచనాలు తగ్గిన మర్నాడు, సరిగ్గా నిద్ర లేని రోజు, రాత్రి మద్యం తీసుకున్న మర్నాడు వద్దు.

తీరప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలిగా లెక్కిస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నం, తొలి సాయంత్రం తొక్కవద్దు. ఉదయం సైకిల్ మీద వెళ్లి ఉంటే దాన్ని ఆఫీసులోనే వదిలి రండి.

దారిలో తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే వెంటనే నీడకు చేరి ఆగండి, నీళ్లు తాగండి, ఆ పూటకు సైకిల్ ముగిసింది. తోటివారి మాట తడబడుతున్నా, అడుగు తూలుతున్నా, ఎక్కడున్నారో తెలియకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బే కావచ్చు. చెమట పడుతోంది కదా అని ధీమాగా ఉండవద్దు, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేలోగా వారిని నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లు పోసి గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లటి తడి గుడ్డలు పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.